మా దిక్సూచి బావ

మా బావ దారి తప్పుతాడు. అందులో వింతేముంది, ఈ లోకంలో తప్పనివాడెవడు అంటారేమో. అసలు సంగతి వినండి. మా బావ ఉద్యోగమే దారి చూపించడం. కొండ చూడ్డానికి వచ్చిన జనాన్ని పైకి తీసుకెళ్ళి, భద్రంగా కిందికి దింపడానికి ఆయనకి జీతమిస్తారు. ఆ జీతం పుచ్చుకుంటూ రోజూ, క్రమం తప్పకుండా, దారి మాత్రం తప్పుతాడు.

పోనీ అదేమైనా మహారణ్యమా? మా కొండ ఎంతదంటే, కింద టిక్కెట్ల కిటికీలో కూర్చుని నేను గట్టిగా తుమ్మితే పైనున్న పిట్టలు లేచిపోతాయి. ముందువైపు నున్నటి బండ, వెనకవైపు ముళ్ళతుప్పలు, ఓ పక్క వానాకాలంలో మాత్రమే బతికుండే వాగు, ఇంకో పక్క నడుంలోతు గడ్డి, నెత్తిన ఒక రేకుల పందిరి. భూగోళం అంతా ఇంతే. దీన్ని కొండ అనాలా దిబ్బ అనాలా అని పెద్దవాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎక్కడ నిలబడ్డా పందిరి కనిపిస్తుంది. పందిరి వైపు నడిస్తే పందిరి వస్తుంది. ఇది గొర్రెలకి తెలుసు. మా బావకి తెలియదు.

అందుకని ఊరంతా ఆయన్ని దిక్సూచి అని పిలుస్తారు. ఎవరైనా "ఏం దిక్సూచిగారూ!" అని వెటకారంగా అంటే, మా బావ అదేదో బిరుదు అనుకుని తల వంచి అందుకుంటాడు. ఆయన్ని ఎగతాళి చెయ్యడం కూడా ఓ దండగ పని.

ఆయన ఎలా తప్పుతాడో నేను కిటికీలోంచి కళ్ళారా చూసేదాన్ని. జనం ముందు నడుస్తుంటాడు. తల ఒక పక్కకి వాల్చి, దేన్నో వింటున్నట్టు చెవి వెనక్కి పారేసి నడుస్తాడు. ఉన్నట్టుండి ఆగిపోతాడు. బుర్ర గోక్కుంటాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. ఆ తర్వాత, ఇల్లు తగలబడినంత కంగారుగా, "అయ్యయ్యో, దారి తప్పాం!" అంటాడు.

ఒకసారి బట్టల కొట్టు యజమాని పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. మనిషి దిట్టంగా ఉంటాడు. మాట అంతకంటే దిట్టం. సగం కొండ ఎక్కేసరికి మా బావ మామూలుగానే బుర్ర గోక్కున్నాడట.

"తప్పడమేమిటయ్యా? అదుగో పందిరి, కనిపిస్తోందిగా!" అన్నాడట యజమాని.

"కనిపించినవన్నీ చేరేవేనా అండీ? చందమామ కనిపించట్లేదూ?"

"మరిప్పుడేం చెయ్యాలి?"

"కూర్చోవాలండీ. దారి తప్పినప్పుడు నడిస్తే ఇంకా తప్పుతాం. ఇది కచ్చితంగా నక్క పనే. నిన్న ఈ బాట అక్కడుండేది."

నక్క బాటని ఎలా జరిపిందో వివరంగా చెబుతూ, పనిలో పనిగా బండ కింద నక్క బొరియ చూపించాడట. కాసేపటికి రెండు నక్క పిల్లలు బయటికొచ్చి ఒకదాని తోక ఒకటి కొరుక్కోవడం మొదలుపెట్టాయట. యజమాని కిందికొచ్చి నా కిటికీ మీద గుద్ది, "మీ గైడు కంటే గాడిద నయం!" అన్నాడు. ఆ మాట అంటూనే, ఆ నక్క పిల్లలు ఎలా కొరుక్కున్నాయో తన చేతినే తాను కొరికి చూపించాడు. పై ఆదివారం మళ్ళీ వచ్చి, "ఆ గాడిదే కావాలి," అని పట్టుబట్టాడు. నాకు తల తిరిగిపోయింది.

తప్పిన ప్రతిసారీ ఏదో ఒక జంతువు మీదికి నెపం తోసేసేవాడు మా బావ. గడ్డిలో తప్పితే కుందేళ్ళు తొక్కి దారి చెరిపేశాయి. తుప్పల్లో తప్పితే ముళ్ళపంది అడ్డదారి వేసింది. వాగు పక్కన తప్పితే తాబేలు. "తాబేలు ఏం చేసింది బావా?" అని అడిగాను ఓసారి. "దాని వెనకాలే వెళ్ళానే. అది ఎక్కడికీ వెళ్ళలేదు," అన్నాడు. ఈ మనిషితో వాదన పెట్టుకునే కంటే ఆ తాబేలుతో పెట్టుకోవడం మేలు.

సరే, ఆయనకి దిక్కులు తెలియవు, అదొక జబ్బు అనుకుని ఊరుకుందామా అంటే అదీ కుదరనిచ్చేవాడు కాదు. ఓ సాయంత్రం ఒకావిడ పందిరిలో చేతిసంచి మర్చిపోయి వచ్చింది. "ఉండండమ్మా," అని మా బావ పరుగందుకున్నాడు. నేను కిటికీ రెక్కలు మూసి గడియ వేసేలోగా సంచీతో ఎదురుగా నిలబడ్డాడు.

"ఎటు నుంచి వెళ్ళావు బావా?"

"బాట మీంచే. ఇంకెటు నుంచి వెళ్తారే?"

"మరి జనంతో వెళ్తే ఎందుకు తప్పుతావు?"

"జనంతో వెళ్తే దారి వేరుగా ఉంటుందే మరదలా," అన్నాడు. ఇది జవాబేనా? మీరే చెప్పండి.

ఇంకోసారి పరుగుపందాల కుర్రాళ్ళు ఓ జట్టుగా వచ్చారు. మేక పిల్లల్లా గెంతుతున్నారు. వాళ్ళని మా బావ ఒక్కసారి కూడా తప్పకుండా పైకి తీసుకెళ్ళి, తప్పకుండా దింపాడు. నేను సంతోషం పట్టలేక పరుగెత్తుకెళ్ళి అక్కకి చెప్పాను. అక్క, "ఇవాళ ఏం తిన్నాడో గుర్తు తెచ్చుకోవాలి, రోజూ అదే పెడతాను," అంది. మర్నాడు చేతికర్రలతో వచ్చిన ముసలి దంపతులతో మూడుసార్లు తప్పాడు. అక్క గరిటె గిన్నెలో పడేసి, "తిండిలో లేదే, తలరాతలో ఉంది," అంది.

ఇలా సాగుతుండగా పై ఆఫీసు నుంచి అధికారిణిగారు వచ్చారు. నిటారుగా నడిచే మనిషి, ఇస్త్రీ బట్టలు, ఇస్త్రీ మాటలు. ఆవిడ వెంట రంగుడబ్బాలు మోసుకుంటూ ఓ పెద్దాయన. కిటికీ ముందు నిలబడి ఆవిడ చెప్పిందేమిటంటే, బాట పొడుగునా బాణం గుర్తులు వేయిస్తారు, ఇక గైడుతో పని లేదు.

"మరి మా బావ?" అన్నాను.

"కింద బళ్ళు నిలిపే చోట వేస్తాం. జీతం అదే."

మా బావ ముఖం చూడాలి అప్పుడు. జీతం తగ్గిస్తామన్నా అంత డీలా పడేవాడు కాదు. ఆ కొండ ఒక్క పూట ఎక్కకపోతే ఆయనకి తిండి సహించదు. జ్వరమొచ్చి మంచం పట్టినప్పుడు కూడా మంచాన్ని కొండ కనిపించే కిటికీ దగ్గరికి లాగించుకున్న మనిషి. కౌజు పిట్ట గుడ్లు పెట్టిన సంగతి మా అక్క నెల తప్పిన సంగతి కంటే ముందు తెలుసుకున్న మనిషి. అలాంటివాణ్ణి బళ్ళ మధ్య నిలబెడితే ఏమవుతాడు?

"ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్," అని బతిమాలాను. "రేపు మిమ్మల్ని ఆయనే తీసుకెళ్తాడు. తప్పితే అప్పుడే తీసెయ్యండి."

"తప్పకపోతే?"

"తప్పకపోతే ఉంచండి."

ఆవిడ ఒప్పుకుంది. న్యాయమైన మనిషి. మర్నాడు పొద్దున మా బావకి అక్క చొక్కా గుండీలు పెడుతూ చెప్పింది. "ఇదిగో, ఈ ఒక్కరోజు. నక్క లేదు, ముళ్ళపంది లేదు. పందిరి వంక చూసుకుంటూ పో."

"సరేనే."

"నా మీద ఒట్టు వెయ్యి."

"నీ మీద ఎందుకే? కొండ మీద వేస్తాను," అన్నాడు. అక్క ఆయన్ని నెట్టినంత పని చేసి బయటికి పంపింది.

నేను కిటికీ మూసేసి వెంట వెళ్ళాను. ముందు బావ, వెనక అధికారిణిగారు, ఆవిడ వెనక రంగుడబ్బాలతో పెద్దాయన, చివర గుండె చేత్తో పట్టుకుని నేను. బండ దాటాం. తప్పలేదు. గడ్డి దాటాం. పక్కనే కుందేలు కూర్చుని మా బావ వంక ఎగాదిగా చూసింది. ఈయన దాని ముఖం కూడా చూడలేదు. తుప్పలు దాటాం. ఓ ముళ్ళపంది ముల్లు బాట మీదే పడి ఉంది. మామూలుగా అయితే దాని మీద పెద్ద ఉపన్యాసం ఉండాలి. గమ్మున దాటేశాడు. అధికారిణిగారు నా వంక తిరిగి, "బాగానే తీసుకెళ్తున్నాడే!" అన్నారు. నాకు రెక్కలొచ్చినట్టయింది.

ఇంక ఒక్క ఎగుడు మిగిలింది. పందిరి రేకులకి కొట్టిన మేకులు కూడా కనిపిస్తున్నాయి. చెయ్యి చాస్తే అందేటట్టుంది. సరిగ్గా అక్కడ మా బావ తల పక్కకి వాల్చాడు. ఆగిపోయాడు. చెయ్యి బుర్ర మీదికి వెళ్ళింది.

'వద్దు బావా, వద్దు,' అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను.

"అయ్యయ్యో," అన్నాడు. "దారి తప్పాం."

అధికారిణిగారు పందిరిని చూసింది. మా బావని చూసింది. మళ్ళీ పందిరిని చూసింది. "అది పందిరి కాదా?" అంది.

"అదేనండీ. కానీ ఇటు నుంచి అది కాదండీ."

"ఏమిటి నీ ఉద్దేశం?"

"ఏమోనండీ, నాకూ అర్థం కావట్లేదు. ఓసారి అందరం కూర్చుంటే..."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేజేతులా నోటికాడి ముద్ద జారవిడుచుకుంటాడా ఎవడైనా? అక్క మొహం ఎలా చూడాలి? నాలుగు దులుపుదామని ముందుకి రెండడుగులు వేశాను. అప్పుడు నా పక్కన రంగుడబ్బాల పెద్దాయన కనిపించాడు.

ఆయన డబ్బాలు దించి బండకి చేరబడి ఉన్నాడు. పెదవులు పాలిపోయాయి. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. ఎగశ్వాస వినపడకుండా నోరు అరచేత్తో మూసుకుని, అధికారిణిగారు ఇటు తిరిగితే చాలు, తిన్నగా నిలబడుతున్నాడు. చేతగాని ముసలాడని తెలిస్తే ఈ పని పోతుందని ఆయన భయం. కూర్చోమన్న మాట వినగానే బతుకు జీవుడా అని కూలబడ్డాడు. ఎవరూ ఆయన వంక చూడలేదు. అందరూ మా బావనే చూస్తున్నారు, తిట్టడానికి.

బట్టల కొట్టు యజమాని దిట్టమైన ఒళ్ళు గుర్తొచ్చింది. చేతికర్రల దంపతులు గుర్తొచ్చారు. గెంతుకుంటూ వచ్చిన కుర్రాళ్ళతో ఎందుకు తప్పలేదో అప్పుడు తెలిసింది. తల వాల్చి ఆయన వినేది పిట్టల కూతలు కాదు, వెనక వచ్చేవాళ్ళ ఊపిరి! ఎవరికి ఆయాసమొస్తే వాళ్ళ పరువు కాపాడ్డానికి తన పరువు బాట మీద పరిచేస్తున్నాడు ఈ పిచ్చి మహరాజు. అదీ ఇవాళ ఎవరికోసం? తన పని ఊడగొట్టే బాణాలు వెయ్యడానికి వచ్చినాయన కోసం. కొట్టాలో కాళ్ళకి దండం పెట్టాలో తెలియక బండ మీద కూర్చుండిపోయాను.

చెబుదామా అంటే చెప్పలేను. చెబితే పెద్దాయన పని పోతుంది. చెప్పకపోతే బావ పని పోతుంది. మింగలేక కక్కలేక నేను గుటకలు వేస్తుంటే, మా బావ తాపీగా ఒక తొండని చూపించి, బాట తిప్పేసింది అదేనని పెద్దాయనకి నమ్మబలుకుతున్నాడు.

అధికారిణిగారు తీర్పు చెప్పేసింది. "రేపటి నుంచి పార్కింగులో ఉండు. ఏమయ్యా పెయింటరూ, ఇతను రోజూ జనాన్ని తీసుకెళ్ళే దారి ఏదో అడిగి తెలుసుకుని, ప్రతి మలుపులో బాణం వెయ్యి."

"చిత్తమండీ," అన్నాడు పెద్దాయన. అప్పటికి ఆయనకి మాట వచ్చింది.

ఆ సాయంత్రం బావని నిలదీశాను. "నిజం చెప్పు. ఆ పెద్దాయన కోసమే కదూ?"

"ఏ పెద్దాయన?"

"నాటకాలాడకు!"

"నిజంగానే తప్పానే. ఆ తొండ..." అంటూ లోపలికి జారుకున్నాడు. అక్కకి సంగతంతా చెప్పాను. అక్క చేతిలో గరిటె కింద పెట్టింది. ఆ తర్వాత మెల్లిగా, "అయితే నేను కడుపుతో ఉన్నప్పుడు, ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఈయన సందు సందుకీ దారి తప్పడం..." అంది. ఆగిపోయింది. "దారంతా తిట్టానే ఆ మనిషిని!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకైతే తెలియలేదు. ఆ రాత్రి బావకి మాత్రం రెండోసారి అడక్కుండానే వడ్డించింది.

మర్నాడు పార్కింగుకి వెళ్ళేముందు పెద్దాయనకి దారి చూపించడానికి మా బావే వెళ్ళాడు. ఇంత జరిగాక కూడా! డబ్బాలు తానే మోశాడు. ఇద్దరూ పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రం దిగారు, ఒంటినిండా పసుపురంగు పూసుకుని, చిన్నప్పటి స్నేహితుల్లా కబుర్లు చెప్పుకుంటూ.

అసలు కథ అప్పుడు మొదలైంది. పెద్దాయనకి పదిహేను అడుగులకోసారి ఆయాసం. ఆయాసమొచ్చినప్పుడల్లా మా బావకి దారి తప్పడం. తప్పినప్పుడల్లా అదో మలుపు. మలుపులో బాణం వెయ్యమని కదా ఆవిడ చెప్పింది! పెద్దాయన ఒక్కటి కూడా వదలకుండా వేశాడు. మా బావ తప్పిన తప్పులన్నీ చెరగని రంగుతో కొండ మీదికి ఎక్కేశాయి.

ఆ బాణాలు పట్టుకుని వెళ్ళిన జనం బండ దగ్గర బయల్దేరి, గడ్డి చుట్టూ తిరిగి, నక్క బొరియ చూసి, వాగులోకి దిగి, తాబేలుని పలకరించి, మళ్ళీ బండ దగ్గరికే వచ్చేవారు. "అమ్మా, పందిరికి టిక్కెట్టిచ్చి వాగు చూపిస్తారేం?" అని నా మీద పడేవారు. ఒక కుటుంబమైతే వరసగా నాలుగు చుట్లు తిరిగి, ప్రతిసారీ నాకు కొత్తగా నమస్కారం పెట్టింది. గొర్రెలు సైతం ఆ బాణాల ముందు నిలబడి సందేహించడం నేను చూశాను.

పెద్దాయన ఓసారి నా కిటికీ వైపు వస్తే అడిగాను. "ఇదేం పని బాబాయ్?"

"చెప్పిన పని చేశానమ్మా. ఆయన తీసుకెళ్ళిన దారే వేశాను," అన్నాడు. ముఖం అమాయకంగానే ఉంది. కళ్ళు మాత్రం అంత అమాయకంగా లేవు. అది పొరపాటో, ఉపకారమో నాకు ఈనాటికీ తేలలేదు.

మా బావ మటుకు బళ్ళ మధ్య నిలబడి, ఎవరినీ ఎటూ తప్పించకుండా, "ఇటు రండి, అటు పొండి" అని సరిగ్గా దారి చెబుతూ చిక్కిపోయాడు. ఆయన ఒప్పులు చూస్తే నాకు దిగులేసేది.

ఫిర్యాదులు పై ఆఫీసు దాకా వెళ్ళి, అధికారిణిగారు స్వయంగా మళ్ళీ వచ్చారు. "బాణాలు చూసి నడవడం రాకపోతే అది జనం తప్పు," అని విసవిసా ఒక్కరే పైకి వెళ్ళారు. చాలాసేపైంది. రాలేదు. ఇంకా చాలాసేపైంది. నేను పరుగెత్తుకెళ్ళి పార్కింగులో బావని పట్టుకున్నాను. ఆయన ఈల పక్కన పడేసి, ఒక్క బాణం వంకా చూడకుండా, తుప్పల్లోంచి నేరుగా వెళ్ళాడు. రొప్పుతూ నేను వెనకాల.

ఆవిడ వాగు గట్టు మీద ఉన్నారు. ఇస్త్రీ చీర ముళ్ళకి చిరిగింది. ముఖం ఎర్రబడింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, మమ్మల్ని చూడగానే ఆ చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డారు.

"బాణాలనే పట్టుకుని వచ్చాను," అన్నారు.

"అవునండీ. చాలా జాగ్రత్తగా వచ్చారు," అన్నాడు బావ.

"పద, పైకి వెళ్దాం."

పందిరి ఆవిడ తల మీదే ఉంది. నాలుగడుగులు వేశారు. మా బావ తల పక్కకి వాలింది.

"అయ్యయ్యో, ఆగండి మేడమ్. దారి తప్పాను."

ఆవిడ ఆగారు. పందిరిని చూశారు. ఆ తర్వాత మా బావ ముఖంలోకి చాలాసేపు చూశారు.

"నేనేం అలిసిపోలేదయ్యా," అన్నారు, కొంచెం మెత్తగా.

"మీరెందుకు అలిసిపోతారండీ? దారి తప్పింది నేను కదా!"

ఆవిడ రాతి మీద కూర్చున్నారు. గడ్డిలోంచి కౌజు పిట్ట ఒకటి పిల్లల్ని వెంటేసుకుని మా కాళ్ళ ముందు నుంచే దాటింది. వెనకబడ్డ పిల్ల కోసం ఆగింది. అది వచ్చాక మళ్ళీ కదిలింది. ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు చాపి, దాన్ని కనుమరుగయ్యేదాకా చూశారు.

"పార్కింగుకి రేపట్నుంచి ఇంకెవరినైనా చూస్తాను," అన్నారు.

మా బావ కళ్ళు తుడుచుకుని, "సరేనండీ, ముందు ఇక్కణ్ణించి బయటపడే దారి వెతుకుతాను," అంటూ లేవబోయాడు.

"కూర్చోవయ్యా," అన్నారావిడ. "వెతుకుదువుగానీలే."